కుందుజ్ నోట రాని పేరు

కారు సంగతి తర్వాత రాద్దువుగానీ మనవరాలా, ముందు ఆ కోడలి సంగతి రాయి. కారుదేముంది, ఇవాళ ఒకరి వాకిట్లో ఉంటుంది, రేపు ఇంకొకరి వాకిట్లో. నేను నెమ్మదిగానే చెప్తాను. నువ్వూ నెమ్మదిగానే రాయి.

మన వీధి చివర ఎషిమ్‌కుల్ ఇల్లు నీకు తెలిసిందే. వాడూ నేనూ ఒకే ఏడు పుట్టాం, ఒకే గుర్రం మీద బడికెళ్ళాం, బడి మానడం కూడా ఒకేసారి మానేశాం. వాడికి చిన్నప్పట్నుంచీ నోరు బాగా తిరుగుతుంది. అందుకే గడ్డం తెల్లబడగానే పంచాయితీలో కూర్చోబెట్టారు. మన ఊళ్ళో ఎవడైనా తాగి గొడవ చేస్తే పోలీసుల దాకా పోనివ్వం కదా. తెల్లగడ్డాలవాళ్ళే పిలిచి, నాలుగు తిట్టి, తప్పు కింద ఒక గొర్రెను పట్టుకుంటారు. దాన్ని కోసి అందరూ కలిసి తింటారు, తప్పు చేసినవాడితో సహా. తిన్నాక ఇంక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. అదీ పద్ధతి.

మామాత్ అని ఒకడుండేవాడు, ట్రాక్టర్ నడిపేవాడు. ఒక చలికాలం తాగి ట్రాక్టర్‌తో బడి కంచె కూల్చేశాడు. గొర్రెనిచ్చాడు, తిన్నారు. అక్కడితో అయిపోవలసింది. కానీ ఆ రోజు ఎషిమ్‌కుల్ అందరి ముందూ ఒక మాటన్నాడు. "తాగినవాడు గుర్రమెక్కితే గుర్రమైనా ఇంటికి చేరుస్తుంది. నీ ట్రాక్టర్‌కి ఆ మాత్రం బుద్ధి కూడా లేదేంట్రా?" అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఆ మాట ఊరంతా పాకింది. మామాత్ ఉప్పు కొనడానికి కొట్టుకెళ్తే, నీ ట్రాక్టర్‌కి ఇప్పుడైనా బుద్ధి వచ్చిందా అని అడిగేవాళ్ళు. కొన్నాళ్ళు భరించాడు. తర్వాత పెళ్ళాం పిల్లల్ని తీసుకుని టౌనుకి వెళ్ళిపోయాడు. ఎషిమ్‌కుల్ మళ్ళీ వాడి ఊసు తలచుకోలేదు.

ఆ తర్వాతే ఎషిమ్‌కుల్ కొడుకు తాలైకి పెళ్ళయింది. కోడలు కుందుజ్, టౌను పిల్ల. వాళ్ళ నాన్న రొట్టెల వ్యాను తోలేవాడు. ఆయనకి నడుం పట్టేస్తే ఆ వ్యాను ఈ పిల్లే తోలి, కొండదారుల్లో ఊరూరా రొట్టెలు దింపింది. అందుకని లైసెన్సు ఉంది. పెళ్ళయిన కొత్తల్లో ఆ లైసెన్సు చూసి ఎషిమ్‌కుల్, మనింట్లో ఉన్నది రొట్టెల బండి కాదని అన్నాడట. ఆ పిల్ల తలొంచుకుని లైసెన్సు పెట్టెలో పెట్టేసింది. ఆ ఇంట్లో స్టీరింగ్ ముట్టుకోలేదు. మామగారి పేరు ఏ కోడలూ పలకదనుకో, మామగారికి వీపు చూపించదనుకో. కానీ ఈ కాలం పిల్లలు ఎవరూ చూడనప్పుడు కాస్త అటూ ఇటూ చేస్తారు. ఈ పిల్ల టీ గిన్నెలు ఎత్తుకుని కూడా వెనక్కి వెనక్కి నడిచే గడప దాటేది. గడప తన్నుకుని పడగా నేను చూడలేదు.

ఇప్పుడు కారు సంగతి రాయి.

ఏప్రిల్ నెల. కొండ కనుమకి అవతల ఎషిమ్‌కుల్ స్నేహితుడి మనవడు అడుగులు వేయడం మొదలెట్టాడు. కాళ్ళకి నూలు కట్టి కోసే పండగ చేశారు. వచ్చినవాళ్ళందరిలో పెద్ద ఎషిమ్‌కులే. ఇంక చూసుకో, ప్రతి దీవెనా వాడి నోటే రావాలి, దీవించిన ప్రతిసారీ చేతిలో గ్లాసు పెట్టాలి. పిల్లాడి కాళ్ళని దీవించాడు, తల్లిని దీవించాడు, తాతని దీవించాడు, నూలు కోసిన కత్తిని కూడా దీవించాడని చెప్పుకున్నారు. పెద్దవాడి వంతుగా మాంసంతో సహా గొర్రె తుంటి ఎముక పెట్టారు. ఇంటికి తీసుకెళ్తానని మూట కట్టించుకుని నివా కారు డిక్కీలో పెట్టాడు. అక్కడే పడుకోమంటే వినలేదు. చీకటి పడకముందే చేరతానన్నాడు.

వంతెన దగ్గర పోలీసులు ఆపారు. గొట్టం ఊదమన్నారు. ఊదాడు. కారు క్రేన్ బండి మీద పోయింది, లైసెన్సు వాళ్ళ జేబులోకి పోయింది, ఎషిమ్‌కుల్ స్టేషన్‌లో చెక్క బెంచీ మీద తెల్లార్చుకుని పాల లారీలో ఇంటికొచ్చాడు.

వాడి భార్య బాత్మా వాకిట్లోనే పట్టుకుంది. గేర్‌బాక్సు పోయిందనీ, కారు టౌన్లో మెకానిక్ దగ్గర ఉందనీ చెప్పాడు.

"గేర్‌బాక్సు పోతే నీ నోరెందుకు కంపు కొడుతోంది?" అంది బాత్మా.

కుమిస్ తాగాను, పులిసిన గుర్రప్పాల వాసన అదీ అన్నాడు. బాత్మా కాసేపు కొండ వైపు చూసింది.

"ఇంకా ఏ గుర్రమూ ఈనలేదు. పాలు పితికే రోజులే రాలేదు. నీకోసం ఏ గుర్రం తొందరపడిందో చెప్పు, వెళ్ళి దండం పెట్టుకుంటాను."

అప్పుడు చెప్పాడు, జరిగిందంతా. చెప్పి, ఊళ్ళో ఎవరికీ తెలియకూడదన్నాడు. తెలిస్తే రేపు పంచాయితీలో ఎవరి ముఖం చూసి తీర్పు చెప్పాలి? అదీ వాడి బాధ. జరిమానా కాదు, లైసెన్సు కాదు. ముప్పై గొర్రెలు పట్టుకున్న నోరు ఇప్పుడు గొర్రెలాగా అయిపోతుందని.

కారు తెచ్చుకోవాలంటే లైసెన్సు ఉన్నవాడు రావాలి. ఊళ్ళో లైసెన్సు ఉన్న మగాడినెవరినైనా పిలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. తాలైకి లైసెన్సు లేదు, పైగా వాడు గొర్రెలు ఈనుతున్నాయని పాకల దగ్గరే ఉన్నాడు. వారం రోజులు ఎషిమ్‌కుల్ ఆలోచిస్తూ గడ్డం పీక్కున్నాడు. ఆ వారమూ ఊళ్ళో అందరికీ గేర్‌బాక్సు కథే చెప్పాడు. నాకూ చెప్పాడు. నేను నమ్మాను, మెకానిక్ ఎవరని కూడా అడిగాను.

చివరికి బాత్మాయే పొయ్యి దగ్గర రొట్టె తిప్పుతున్న కోడలి వైపు కళ్ళతో చూపించింది. ఎషిమ్‌కుల్ ముఖం తిప్పుకుని, కుందుజ్ రెండడుగుల దూరంలో ఉండగానే, నీ కోడలితో చెప్పు, రేపు టౌనుకి వెళ్ళాలని, అన్నాడు. బాత్మా మళ్ళీ అదే మాట కోడలికి చెప్పింది. కుందుజ్ రొట్టె దింపింది. పెట్టె తెరిచి లైసెన్సు తీసి కోటు జేబులో పెట్టుకుంది.

టౌను శివార్లో ఉన్ని కడిగే పాత ఫ్యాక్టరీ ఉంది కదా, పట్టుకున్న బళ్ళన్నీ దాని వెనకాల పెడతారు. చుట్టూ ఇనప రేకుల కంచె, ఒక గేటు, గేటు పక్కన గది, గదికి కిటికీ. మినీ బస్సు దిగి మామా కోడళ్ళు ఆ గేటు దాకా నడిచారు. ఎషిమ్‌కుల్ తన గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని, తనే లోపలికి వెళ్ళి మాట్లాడాలనే వచ్చాడు. కానీ గేటు దగ్గర గొలుసు పట్టుకుని నిలబడ్డవాణ్ణి చూసేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

మామాత్. అదే మనిషి. చెవుల టోపీ, గ్రీజు మరకల కోటు. ఆ యార్డుకి కాపలా ఉద్యోగం వాడిదే అయింది.

ఎషిమ్‌కుల్ చటుక్కున కంచె చాటుకి తప్పుకున్నాడు. కోడలితో నేరుగా మాట్లాడటం ఆ రోజే మొదలు. "నువ్వెళ్ళమ్మా. నేనొచ్చానని చెప్పకు. ఏం తాగాడని అడిగితే కుమిస్ అని చెప్పు."

కుందుజ్ తలొంచింది. గేటు వైపు నడిచింది, ముందు కొన్ని అడుగులు వెనక్కి వేసి, తర్వాతే తిరిగి. మామాత్ ఆమెని ఎరగడు, ఆమె కోడలిగా రాకముందే ఊరు వదిలేశాడు. ఎవరి బండికో వచ్చిందనుకుని గొలుసు తీసి లోపలికి పంపాడు.

ఎషిమ్‌కుల్ టీ కొట్టుకి పోయి కూర్చుందామనుకున్నాడు. కూర్చోలేకపోయాడు. కంచె వెంటే నడిచి, గది వెనకాల రేకుల మధ్య సందు ఉన్న చోట ఆగాడు. అక్కడికి కిటికీ దగ్గర మాటలు చక్కగా వినిపిస్తున్నాయి.

లోపల కూర్చున్న ఆఫీసరు పెద్ద వయసువాడు కాదు, చెడ్డవాడూ కాదు. కుందుజ్ లైసెన్సు చూశాడు, కట్టాల్సింది కట్టించుకున్నాడు. కారు నంబరు అడిగితే చెప్పింది. రంగు చెప్పింది, ఎడమ తలుపు మీద సొట్ట చెప్పింది, వెనక సీటు మీద పరిచిన ఎర్ర ఉన్ని నమదా చెప్పింది. అన్నీ సరిపోయాయి. ఆఖర్న, ఓనర్ పేరు చెప్పమన్నాడు.

"మా ఇంటి పెద్దాయనది సార్."

"ప్రతి బండీ ఎవరో ఒకరి ఇంటి పెద్దాయనదే చెల్లెమ్మా. పేరు చెప్పు."

కుందుజ్ తలొంచుకుంది. వరుసలో వెనక ఉన్నవాళ్ళు మెడలు చాచారు. ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు. పేరు తన దగ్గర రాసి ఉందనీ, వచ్చినవాళ్ళు చెప్పే పేరు దానితో కలవాలనీ, లేకపోతే వీధిలో నిలబడి నంబరు చూసినవాడెవడైనా వచ్చి బండి తోలుకుపోతాడనీ. లేదా ఓనరే కార్డు పట్టుకుని రావాలి.

ఒకావిడ వెనకనుంచి, పాపం కోడలమ్మా, మామగారి పేరు ఎలా చెప్తుంది అంది. ఇంకొకడు, చెవిలో చెప్పమనండి సార్ అన్నాడు. నవ్వులు. కాగితం మీద రాసి ఇవ్వమన్నాడు ఆఫీసరు. నోటితో చెయ్యని పని చేత్తో మాత్రం ఎలా చేస్తానంది కుందుజ్. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. రొట్టెలు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

ఆఫీసరుకి విసుగొచ్చింది. "చూడమ్మా, ఇక్కడ మీ ఊరివాళ్ళెవరూ లేరు. మీ మామగారు కొండకవతల ఉన్నాడు. ఒక్కసారి అనేసి బండి తీసుకుపో. ఆయనకి వినబడదు."

"ఆయన వినకపోవచ్చు సార్," అంది కుందుజ్. "నేను వింటాను కదా."

రేకుల అవతల ఎషిమ్‌కుల్ నేల వైపు చూశాడు. ఆ మాట తనకెక్కడ తగిలిందో వాడే నాకు చెప్పాడు, ఇదిగో ఇక్కడ, మెడ కింద. వారం రోజులుగా ఊరు వినకూడదని గేర్‌బాక్సు కథ చెప్తూ తిరిగాడు. ఆ కథ తను కూడా వింటున్నాడని ఒక్కసారైనా అనిపించలేదట.

ఆఫీసరు ఇంకో ప్రశ్న వేశాడు. సరే, పేరు వద్దు, ఆయన ఏం తాగి దొరికాడో అదైనా చెప్పు, రాసుకున్నదానితో సరిచూస్తానన్నాడు. ఎషిమ్‌కుల్ రేకుల సందుకి చెవి ఆనించాడు. కుమిస్ అనమన్నది తనే. కోడలు మామ మాట కాదనదు, కానీ అంటే అందరి ముందూ అబద్ధాలకోరు అవుతుంది.

"ఆయన తాగుతున్నప్పుడు నేను అక్కడ లేను సార్. చూడనిది చెప్పలేను. అది ఆయన్నే అడగాలి," అంది కుందుజ్.

మామని బయటపెట్టలేదు, అబద్ధమూ ఆడలేదు. రెండు కొండల మధ్య గొర్రెల దారి ఉంటుంది చూడు, అంత సన్నటి చోట కాలు పెట్టి నిలబడింది.

అప్పుడు ఆఫీసరు గేటు వైపు కేకేశాడు. "మామాత్, నువ్వు ఆ లోయవాడివే కదా. ఎడమ తలుపు సొట్ట, తెల్ల నివా. ఎవరిదో నీకు తెలుసా?"

ఎషిమ్‌కుల్ కళ్ళు మూసుకున్నాడు. ఇంక అయిపోయిందనుకున్నాడు. ఆ సొట్ట మామాత్‌కి తెలియకపోవడమేమిటి? అది పడిన రోజు బిగుసుకుపోయిన ఆ తలుపు తెరుచుకునేట్టు చేసింది మామాతే. వాడికి ఇన్నాళ్ళకి దొరికింది రోజు. పేరు ఒక్కటంటే చాలు, ఆ పేరుకి తోకలాగా ఆ మాట కూడా వస్తుంది, నీ కారుకి ఆ మాత్రం బుద్ధి లేదేంటని.

గొలుసు చప్పుడైంది. మామాత్ గొంతు వచ్చింది. "ఊరు వదిలి చాలా కాలమైంది సార్. ఎవరి బళ్ళో నాకిప్పుడు తెలీదు."

చూశావా మనవరాలా. ఒక మనిషి పేరు తెలిసినవాళ్ళు ఇద్దరు ఒకే చోట నిలబడ్డారు, ఇద్దరూ ఆ పేరుని బురదలో పడెయ్యలేదు. ఒకామె గౌరవంతో పలకలేదు. ఇంకొకడు ఎందుకు పలకలేదో అప్పుడు ఎషిమ్‌కుల్‌కి తెలీదు. తెలిసిందల్లా ఒకటే, ఆ పేరు చెప్పాల్సినవాడు కంచె వెనకాల దాక్కున్నాడని.

వాడు టోపీ సరిచేసుకుని గేటు దగ్గరికి నడిచాడు. మామాత్ వాణ్ణి చూసి గొలుసు తీసి పక్కకి జరిగాడు. వరుసలో ఉన్నవాళ్ళు దారిచ్చారు. ఎషిమ్‌కుల్ కిటికీ ముందు నిలబడి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎషిమ్‌కుల్ నా పేరు. కారు నాది. తాగి నడిపింది నేనే. కుమిస్ కాదు, వోద్కా. ఈ అమ్మాయి నా కోడలు. అబద్ధం చెప్పమని పంపింది కూడా నేనే."

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు కార్డు చూసి, పేరు కలిసిందన్నట్టు తలూపి, తాళంచెవి కుందుజ్ చేతికిచ్చాడు.

కారు యార్డులో చివరికంటా ఉంది. మామాత్ వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళాడు. చూస్తే కారు ముందూ వెనకా నంబర్ల మీద గోనె పట్టాలు కప్పి తాళ్ళతో కట్టి ఉన్నాయి. మిగిలిన ఏ బండికీ అలా లేవు. క్రేన్ మీద వచ్చిన రోజే సొట్ట చూసి గుర్తుపట్టాడట. వారానికోసారి మన ఊళ్ళోవాళ్ళు ఆ పక్కన సంతకి వస్తారు, కంచె సందుల్లోంచి చూస్తారని కట్టాడట. ఎషిమ్‌కుల్ ఆ గోనె పట్టాల్ని చూస్తూ ఉండిపోయాడు. వాడికి మాట రాకపోవడం నేనైతే ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు రాలేదని వాడే చెప్పాడు.

మామాత్ తాళ్ళు విప్పుతూ అన్నాడు. "డిక్కీలో తుంటి ఎముక ఉండింది పెద్దాయనా. కుక్కలు కారు చుట్టూ తిరుగుతున్నాయి, పాడైపోతుందని మేమే వేడి చేసుకుని తినేశాం. మీరు పట్టుకున్న గొర్రెకి అది సరిపోదనుకోండి. బాకీ కొంచెం తగ్గుతుంది."

ఎషిమ్‌కుల్ అప్పుడు నవ్వాడు. నవ్వుతూనే మామాత్ భుజం పట్టుకుని, ఆ రోజు గొర్రె తిన్నాక కూడా ఆ మాట ఊళ్ళో తిరిగిందంటే దాన్ని వదిలింది నేనేరా అన్నాడు. మామాత్ తల పంకించి, బ్యాటరీ దిగిపోయిందేమో చూడండని మాట మార్చాడు.

కారు స్టార్ట్ అయింది. ఎషిమ్‌కుల్ వెనక తలుపు తీసుకుని ఎర్ర నమదా మీద ఒదిగి కూర్చున్నాడు. ఊళ్ళోకి వచ్చినప్పుడు కాస్త వంగితే ఎవరికీ కనబడడు, అదీ వాడి ఉద్దేశం. అంత జరిగినా పాత తెలివి పోలేదు. కానీ కుందుజ్ ఎక్కలేదు. తాళంచెవి పట్టుకుని, డ్రైవర్ తలుపు పక్కన తలొంచుకుని నిలబడింది. చలిగాలి కొడుతోంది. ఏమైందమ్మా అన్నాడు వాడు. ఆమె తల ఇంకాస్త వంచుకుంది. మామాతే తాళ్ళు చుట్టుకుంటూ అన్నాడు. "పెద్దాయనా, మీరు వెనక కూర్చుంటే ఆ పిల్ల దారి పొడుగునా మీకు వీపు చూపించాలి కదా."

ఎషిమ్‌కుల్ దిగాడు. ముందు సీట్లోకి వచ్చి కూర్చున్నాడు, అందరికీ కనబడేట్టు. అప్పుడే కుందుజ్ ఎక్కింది.

ఇంక ఆ పిల్ల డ్రైవింగ్ సంగతి చెప్పాలి. కనుమ మీద మంచు ఇంకా కరగలేదు, మలుపుల దగ్గర నల్లగా గడ్డకట్టి ఉంది. ఎషిమ్‌కుల్ ఆ దారిలో నలభై ఏళ్ళు తోలాడు. బ్రేకు ఎక్కడ తొక్కాలో చెప్దామని నోరు తెరిచేసరికి ఆమె బ్రేకు జోలికే పోకుండా గేరు తగ్గించి, మంచు మీద కారుని పిల్లిలాగా దింపేసింది. రెండో మలుపు దగ్గర కూడా నోరు తెరిచాడు. మూడో మలుపు నుంచి తెరవలేదు. కిటికీ లోంచి కొండలు చూసుకుంటూ కూర్చున్నాడు. తన దారిలో కొండలు ఎలా ఉంటాయో అప్పటిదాకా చూడలేదన్నాడు.

ఊళ్ళోకి వచ్చేసరికి మేమందరం కొట్టు ముందు ఎండలో కూర్చుని ఉన్నాం. నివా వచ్చింది. స్టీరింగ్ దగ్గర తలగుడ్డ కట్టుకున్న కోడలు, పక్కన తెల్లగడ్డం. నేనే అన్నాను, గేర్‌బాక్సు బాగుపడిందిరోయ్ అని. కారు మమ్మల్ని దాటిపోయి ఆగింది. ఎషిమ్‌కుల్ ఏదో చెప్తే కుందుజ్ వెనక్కి తెచ్చింది. వాడు దిగి మా ముందు నిలబడ్డాడు. మేం బల్ల మీద జరిగి చోటిచ్చాం, కూర్చోలేదు.

"గేర్‌బాక్సుకి ఏమీ కాలేదు. తాగి తోలాను, పోలీసులు పట్టుకున్నారు. అందరి దగ్గరా పట్టుకున్నట్టే నా దగ్గరా గొర్రెను పట్టుకోండి. మామాత్ వచ్చి తింటేనే లెక్క."

 పంచాయితీలో కూర్చునే ముసలి దూలత్, గొర్రెనా పొట్టేలా అని అడిగాడు. పొట్టేలే ఇచ్చాడు. మామాత్ పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. కారు పంపించి రప్పించారు, తోలుకొచ్చింది కుందుజే. ఆ రోజు తుంటి ఎముక మామాత్‌కి పెట్టాడు ఎషిమ్‌కుల్, తన చేత్తో. తిన్నాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మామాత్ సంగతీ ఎత్తలేదు. నేనూ ఎత్తేవాణ్ణి కాదు, కానీ ఇది కోడలి సంగతి కదా, దీన్ని ఎత్తకూడదని పద్ధతేం లేదు.

లైసెన్సు వెనక్కొచ్చాక కూడా తాళంచెవి పొయ్యి పక్కన కోడలి మేకుకే వేలాడుతోంది. ఊళ్ళో ఎవరింట్లో నొప్పులొచ్చినా, జ్వరమొచ్చినా ఆ తలుపే కొడతారు. ఇన్ని జరిగినా ఆ పిల్లని ముఖాన మెచ్చుకున్నవాడు లేడు. మామ మెచ్చుకోకూడదు, అత్త మెచ్చుకుంటే దిష్టి అంటుంది, మొగుడికి నోరు లేదు.

నువ్వు శుక్రవారం పిండి బస్తాలతో పై పచ్చికలకి వెళ్తున్నావుగా. కుందుజ్ వాళ్ళు వేసవికి మందలతో వెళ్ళి వేసుకున్న గుడారం ఏటి మలుపులో ఉంటుంది. కుందుజ్ పాలు పితకడం అయ్యాక, టీ పోసుకుని కూర్చున్నప్పుడు, ఇది మొదట్నుంచీ చదివి వినిపించు. ఆమె మధ్యలో లేచిపోబోతే ఆపి చదువు. ఎషిమ్‌కుల్ అని నేను చెప్పిన చోటల్లా, ఆమె ముందు మాత్రం, ఇంటి పెద్దాయన అని చదువు తల్లీ.